అరుగుమీద ముచ్చటలు: కాగితము లేని సంసారములు



ఈ మాసమున ఊరగాయలను గూర్చి వ్రాయవలెనని కూర్చుంటిని. కాని మొన్న కృష్ణదేవిపేటలో మా యరుగుమీద జరిగిన యొక చిన్న సంవాదము నా మనస్సును విడువకున్నది. దానిని మీ ముందుంచి, మీ యభిప్రాయము నడుగుట మంచిదని తోచినది. ఊరగాయలు వచ్చు మాసమునకు నిలువయుండును. ఈ మాట నిలువయుండదు.

ఆ దినము సాయంకాలము మేము నలుగురము చింతపండు ముందు వేసికొని పిక్కలు తీయుచుంటిమి. కొండచీపుళ్ళ మోపు నెత్తిన బెట్టుకొని యొక గిరిజన స్త్రీ వచ్చినది. చంకలో ఏడాది బిడ్డ. బేరము నడుమ మా ప్రక్కయింటి వదినగారు, "నీ వే యూరిదానవు? నీకు రేషను కార్డు కలదా?" అని యడిగెను. "లేదమ్మా. మా మామగారి కాలమున ఒడిస్సా కొండలు దాటి వచ్చితిమి. అడిగినపుడెల్ల ఇంకొక కాగితము తెమ్మందురు" అని యామె బదులు చెప్పి, చీపుళ్ళిచ్చి, డబ్బు కొంగున ముడివేసికొని పోయెను.

ఆమె మలుపు తిరుగగానే వదినగారు, "ఇట్టి కాగితము లేనివారి నెల్ల వచ్చిన దారినే పంపివేయవలెను. అందఱికిని చోటిచ్చుచు బోయినచో రేపు మన పిల్లల కేమి మిగులును?" అనెను. దాచనేల, నేనును తల యూపితిని. అపుడు మాలో పెద్దవారైన పిన్నిగారు కన్నెత్తకయే, "అమ్మాయీ! 2024 వేసవిలో అనకాపల్లి నూకాలమ్మతల్లికి నీ వేమని మ్రొక్కుకొంటివి?" అని యడిగిరి. వదినగారి మొగము చిన్నబోయినది. మాకందఱకును ఆ మ్రొక్కు తెలియును.

వదినగారి చెల్లెలిని కోనసీమకు ఇచ్చిరి. ఇంటి యప్పులు తీర్చుటకై యామె కువైటునకు ఇంటిపనికి పోయెను. అచ్చట పనిచేయుటకు పోయినవారికి కఫీలు అనబడు పూచీదారుడుండును. నివాసపు అనుమతి యతని పేరితో ముడిపడియుండును. పాస్‌పోర్టును యజమానుడు తనయొద్ద నుంచుకొనరాదని అచ్చటి 2015వ సంవత్సరపు 68వ నెంబరు చట్టము చెప్పుచున్నది. వారమున కొకదినము సెలవీయవలెననియు, దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదనియు అదే చట్టమున గలదు. చట్టము పుస్తకమున నుండగా, ఆ పిల్ల వంటయింట నుండెను. ఓర్వలేక యొకరాత్రి ఆ యిల్లు విడిచెను. పనిమనిషి పాఱిపోయినదని యజమానుడు ఫిర్యాదు చేసినంతనే, నిన్నటివరకు సక్రమముగా నున్న మనిషి నేరస్థురాలగును. ఇట్టివారిని మనవారు "ఖల్లివల్లి" యందురు. అది అరబ్బీ మాట. పోనిమ్ము, విడిచిపెట్టుము అని దాని భావము. మనుష్యులకే ఆ పేరు స్థిరపడినది.

అట్లు మూడేండ్లు ఆ పిల్ల దొరకిన యింట దొరకిన పని చేయుచు దాగి బ్రతికెను. జ్వరము వచ్చిన వైద్యశాలకు పోలేదు. జీత మెగవేసిన వారిమీద మొఱపెట్టుకొనలేదు. తండ్రి పోయినపుడు రాలేదు. 2024 మార్చి 17వ తేదీనుండి వర్తించునట్లు కువైటు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించి, జూను నెలాఖరువరకు గడువు పొడిగించినది. గడువులోపల దేశము విడిచిపోవువారికి జరిమానా లేదు. నిలువగోరువారు జరిమానా చెల్లించి నివాసమును సక్రమము చేసికొనవచ్చును. 2018లోను, 2020లోను గూడ ఇట్టి క్షమాభిక్షలు అచ్చట జరిగినవి. ఆ వేసవిలో వదినగారు మ్రొక్కుకొన్న మ్రొక్కు ఇదియే: "తల్లీ, నా చెల్లెలికి కాగితము లేదని చూడకుము; కన్నబిడ్డ యని చూడుము." ఆ పిల్ల జూనులో ఇల్లు చేరెను.

దూరమందున్న చెల్లెలి కొఱకు కోరినది కొండ దిగివచ్చిన యామెకు వద్దంటిమి. ఇందు వదినగారి నొక్కతెను తప్పుపట్ట నక్కఱలేదు. కాగితము లేక బ్రతుకుచున్నవారికి చట్టబద్ధమైన స్థానము నీయవచ్చునా, కూడదా యను ప్రశ్న యిప్పుడు ప్రపంచమున అనేక దేశములను కలతపెట్టుచున్నది. అచ్చటి జనాభిప్రాయమును మా యరుగు నడచినట్లే నడచుచున్నది.

అమెరికా సంగతి చూడుడు. గాలప్ అను సంస్థ ప్రజాభిప్రాయమును సేకరించి ప్రకటించుచుండును. 2025 వేసవిలో ప్రకటించిన లెక్కనుబట్టి, కొన్ని నియమములు నెఱవేర్చిన పిమ్మట కాగితము లేనివారికి పౌరసత్వమునకు మార్గము చూపవలెనని నూటికి 78 మంది చెప్పిరి. కాగితము లేని వారినందఱిని పంపివేయవలెనని 38 మంది చెప్పిరి. రెండును కూడినచో నూటికి మించుచున్నది. అనగా కొందఱు రెండింటికిని తలయూపిరన్నమాట! అంతకుముందు సంవత్సరము పంపివేయవలెనన్నవారు 47 మంది. ఏడాదిలో ఇంత మార్పు. "అక్రమముగా వచ్చినవారు" అనినపుడు మనస్సు బిగుసుకొనును. "పదియేండ్లుగా పొరుగున నుండి మన బిడ్డల నెత్తుకొన్న యామె" అనినపుడు అదే మనస్సు కరగును. కనుక జనాభిప్రాయ మేమని యడుగుటకు ముందు, ఎవరిని దలచుకొని చెప్పిరని యడుగవలెను.

మన తెలుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మనమే కాగితము లేనివారమై యుండిన కాలము కలదు. విశాఖపట్టణమున కంచరపాలెము దగ్గర బర్మా క్యాంపు అను పేట యున్నది. ఆ పేరెట్లు వచ్చినదో మన పిల్లలలో ఎందఱెఱుగుదురు? విశాఖ, గోదావరి తీరములనుండి వేలకొలది జనులు ఓడలెక్కి రంగూనునకు బోయి, రేవులలో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి. కోరంగి రేవు పేరుమీదుగా అచ్చట మనవారిని "కోరంగీలు" అనిరి. 1930 మే మాసమున రేవుకూలీలగు తెలుగువారికిని బర్మావారికిని పని విషయమున పుట్టిన తగవు రంగూనులో రక్తపాతముగా మాఱినది. "వీరు చౌకగా పనిచేసి మా కూడు తీసికొనుచున్నారు" అని అప్పుడు మనవారిమీద పడిన మాట. 1942లో జపానుసేనలు వచ్చినపుడు లక్షలకొలది భారతీయులు కాలినడకను కొండలు దాటిరి. వేలకొలది జనులు దారిలో రాలిపోయిరి. అచ్చట నిలిచినవారిలో ననేకులు 1948లో ఆ దేశము స్వతంత్రమైనపుడు పౌరసత్వపు కాగితము వ్రాయించుకొనలేదు. పుట్టిన యూరే కదా, కాగితమెందులకని యనుకొనిరి. 1960 దాటిన పిమ్మట సైనిక ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా, వారు తాము పుట్టిన నేలమీదనే విదేశీయులైరి. కట్టుగుడ్డలతో ఓడ దిగిన యట్టి కుటుంబములకు నిలువ నీడ యిచ్చిన చోటులలో బర్మా క్యాంపు ఒకటి.

కాగితము లేకపోవుట యనగా ఎల్లపుడును దొంగచాటుగా గోడ దూకుట కాదని దీనినిబట్టి తెలియును. మనిషి కదలకయే యుండగా చట్టము కదలినచో గూడ కాగితము లేనివాడగును. ఇందుకు మా యూరికంటె వేఱు సాక్ష్య మక్కఱలేదు. 1882 మద్రాసు అటవీ చట్టము వచ్చువఱకు కొండవారు తాతలనాటి పోడు చేసికొనుచు, వంటచెఱకును, ఆకును, దుంపను తెచ్చుకొనుచు బ్రతికిరి. రిజర్వు అడవియని హద్దురాళ్ళు నాటిన నాటినుండి అదే పని నేరమాయెను. ఆ బాధయు వెట్టిచాకిరియు కలిసి చివరకు పితూరిగా రగిలినవి. 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న మా కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద అల్లూరి సీతారామరాజుగారు దాడి సలిపిరి. 1924 మే 7వ తేదీన కాల్చి చంపబడిన ఆ మహనీయుని సమాధి మా యూరనే యున్నది. పిల్లలను వెంటబెట్టుకొని పోయి పువ్వులుంచుచుందుము. పువ్వులుంచిన చేతితోనే కొండ దిగివచ్చిన యామెను కార్డు చూపుమంటిమి గదా యని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ యన్యాయమును సరిదిద్దుటకు మన దేశమునకు నూటయిరువది నాలుగేండ్లు పట్టినది. 2006 అటవీహక్కుల చట్టము, 2005 డిశంబరు 13వ తేదీకి ముందు అడవినేలను సాగుచేసికొనుచున్న గిరిజనులకు నాలుగు హెక్టార్లకు మించకుండ హక్కుపత్రము నీయవలెనని విధించినది. ఆ పత్రము భార్యాభర్తల యిరువురి పేరనుండవలెనని గూడ ఆ చట్టమున గలదు. సోదరీమణు లీ మాటను గుర్తుంచుకొనవలెను. అప్పుడును దేశములో రెండభిప్రాయము లుండెను. అడవి నశించునని కొందఱు, అడవిని కాచినవారే వారని కొందఱు. హక్కు నిరాకరింపబడినవారిని తొలగింపుమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీముకోర్టు ఉత్తరువు చేసి, అదేనెల 28న దానిని నిలిపివేసినది. తీర్పులు చెప్పు పెద్దలకే ఇది తేలికగా తెగు ప్రశ్న కానపుడు, వాదించువారి నొకరి నొకరు దుష్టులనుట తగదు.

పై చట్టమున గల ఆ తేదీ గీతకు ఇవతల చిక్కుకొన్న వారి కథ మఱియొకటి. 2005లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బస్తరు సీమలో సల్వాజుడుమ్ పేరిట ఊళ్ళు రెండుగా చీలి, నిప్పంటుకొన్నపుడు, అచ్చటి గిరిజనులు పిల్లలను భుజములమీద నెక్కించుకొని ఖమ్మము జిల్లా యడవులకు వచ్చిరి. వారిని గుత్తికోయలందురు. 2014లో తెలంగాణమునుండి మన రాష్ట్రమున జేరిన చింతూరు ప్రాంతమునను వారి గూడెములున్నవి. తమ రాష్ట్రమున వారు షెడ్యూల్డు తెగలవారు. ఎల్ల దాటినంతనే ఆ గుర్తింపు చెల్లకపోయినది. తేదీ గీత దాటి వచ్చినందున పోడునకు పట్టా లేదు. స్థానికుల భయమును గూడ మనము వినవలెను. ఉన్న యడవి తమకే చాలదనియు, నఱికివేసిన చెట్టు మరల రాదనియు వారి మొఱ. 2022 నవంబరులో కొత్తగూడెము ప్రాంతమున ఒక అటవీ క్షేత్రాధికారి హతుడయ్యెను. ఇద్దఱికి 2023లో న్యాయస్థానము యావజ్జీవశిక్ష విధించినది. కాని యంతకుముందే బెండాలపాడు గ్రామసభవారు గుత్తికోయల నందఱిని ఛత్తీస్‌గఢ్‌నకు పంపివేయవలెనని తీర్మానించిరి. నేరము ఇద్దఱిది, తీర్మానము గూడెమంతటిమీద, తొట్టెలోని బిడ్డమీద గూడ. చంపబడినవారి ఇల్లాలి కన్నీటిముందు ఈ మాట చెప్పుట కష్టమే. అయినను చెప్పక తప్పదు.

ఇచ్చట వదినగారు నన్ను అడ్డగించిరి. "ఆ చీపుళ్ళమనిషి యైనను, గుత్తికోయలైనను మన దేశపువారే. పరదేశమునుండి కాగితము లేక వచ్చినవారి మాట వేఱు కాదా?" అనిరి. నిజమే. దేశములోపల ఎచ్చటనైనను నివసించు హక్కు రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకిచ్చినది. పరదేశీయుల విషయమున ఆ హక్కు లేదు. 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి మన దేశమున వారికై క్రొత్త చట్టమొకటి యమలులోనున్నది. ఎల్లలు కాచుకొనుట ప్రతి దేశమునకును ధర్మమే. ఇంటికి తలుపుండుట తప్పు కాదు. ఐనను, తలుపెట్లు మూయవలెనన్నది యొక ప్రశ్న. ఇరువదియేండ్లుగా లోపల నున్నవారి నేమి చేయవలెనన్నది వేఱొక ప్రశ్న. రెండింటిని కలిపినందువలననే కోపము పెరుగుచున్నది.

ఎదుటివాదమున బలమైన మాటలు రెండున్నవి. ఒకటి: క్రమముగా దరఖాస్తు పెట్టుకొని యేండ్ల తరబడి వేచియున్నవారికి ఇది యన్యాయము కాదా? రెండు: నేడు క్షమించినచో రేపు మఱికొందఱు రారా? ఈ రెండవదానికి అమెరికాలో గుఱుతున్నది. 1986 నవంబరు 6న అధ్యక్షుడు రీగన్ సంతకము చేసిన చట్టమువలన, అచ్చట కాగితము లేక యున్నవారిలో సుమారు 27 లక్షలమందికి చట్టబద్ధమైన స్థానము లభించెను. అయినను 2023 నాటికి కాగితము లేనివారు ఒక కోటి నలువదిలక్షలని ప్యూ పరిశోధన సంస్థవారి యంచనా. క్షమాభిక్ష యొక్కటియే ఔషధము కాదని దీనివలన తెలియుచున్నది. పని యున్నంతకాలము పనివారు వచ్చుచుందురు. రాచబాట మూసినచో డొంకదారిని వచ్చెదరు.

కాని పంపివేయుదుమనువారు ఒక సంగతి మఱచుచున్నారు. కాగితము లేని మనిషి వెంటనే మాయము కాడు; చౌక యగును. ఎంత కూలి యిచ్చినను నోరెత్తలేడు. అపుడు కాగితమున్నవాని కూలియు పడిపోవును. కాబట్టి పొరుగువాని బెదరు మన కూలికి గూడ చేటు. వానికి కాగితమిచ్చి, వానికిని మనకును ఒకే కూలి యనుట స్థానికునకును మేలే. ఇక మొదటి వాదమునకు సమాధానము: ఊరక యీయవద్దు. ఇన్ని యేండ్లుండవలెను, జరిమానా చెల్లింపవలెను, నేరము చేసినవారికి శిక్షయే గాని పత్రము లేదు, వేచియున్నవారి వెనుకనే నిలువవలెను అని నియమింపవచ్చును. అమెరికాలో నూటికి 78 మంది ఒప్పుకొన్నది ఇట్టి నియమములతోడి మార్గమునకే.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవేలీ విశ్వవిద్యాలయము మూతపడినపుడు, అందు చేరిన వందలకొలది తెలుగుబిడ్డలు దిక్కులేనివారైరి. కొందఱి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించిరి. ఆ చిత్రములు చూచి మన యిండ్లలో తల్లులు కంటనీరు పెట్టుకొనిరి. "మా బిడ్డలు దొంగలు కారు, మోసపోయినవారు" అని మనమందఱము అంటిమి. ఆ మాట నిజమే. కాని అట్టి మాట యనుకొను తల్లి ప్రతి దేశమునను ఉన్నది. మనము పంపు బిడ్డకు కోరు తీర్పునే, మన వాకిట నిలిచిన బిడ్డకును చెప్పవలెను. రెండు కుంచములు పెట్టుకొని కొలుచునట్టి యింట ధాన్యము నిలువదు.

గృహిణులమగు మనము చట్టములు చేయువారము కాము గాని, చట్టములకు ఆధారమైన యభిప్రాయము మన యరుగులమీదనే పుట్టుచున్నది. కనుక చేతనైన పనులు కొన్ని చెప్పెదను. గల్ఫు దేశములకు ఇంటిపనికై పోగోరు స్త్రీలకు, వలసతనిఖీ వర్తించు పాస్‌పోర్టు గలవారైనచో, ముప్పదియేండ్లు నిండవలెనని మన ప్రభుత్వ నియమము. దళారి "చూచిరాబోవు వీసా చాలును, అచ్చట మార్చుకొనవచ్చును" అనినచో నమ్మవద్దు. ఖల్లివల్లి బ్రతుకునకు అదియే మొదటి మెట్టు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము నకళ్ళు ఇంట నొక ప్రతి యుంచుకొనుడు. బిడ్డ పుట్టినపుడు జననపత్రము వ్రాయించుటలో ఆలస్యము చేయవద్దు. నేటి నిర్లక్ష్యమే రేపటి కాగితము లేనితనము. మీ వాకిటికి వచ్చిన కూలిమనిషిని కార్డు కలదా యని యడుగుటకు ముందు, బిడ్డకు టీకా వేయించితివా యని యడుగుడు.

ఈ సంవాదము జరిగిన కొన్ని దినములకు ఆ చీపుళ్ళమనిషి మరల వచ్చినది. వదినగారు చీపుళ్ళేమియు కొనలేదు. ఇంట నిలువ యున్నవి. కాని లోపలికి పోయి చెప్పులు తొడుగుకొని, "రా, అంగన్‌వాడీకి పోయి నీ బిడ్డ పేరు వ్రాయుదురేమో యడుగుదము" అని యామెను వెంటబెట్టుకొని పోయిరి. పోవుచు నావైపు తిరిగి, "ఎల్లలు కాపాడవలెనను మాట నేను విడువలేదు సుమా!" అని హెచ్చరించిరి. విడువనక్కఱలేదంటిని.

మీ యూర నేమనుకొనుచున్నారో వ్రాయుడు. ఏకాభిప్రాయము రాకున్నను చింత లేదు. కాని వ్రాయునపుడు, దూరదేశమున నున్న మీ బిడ్డనో తోబుట్టువునో యొకమాఱు దలచుకొని మఱీ వ్రాయుడు. వచ్చు మాసమున ఊరగాయలు తప్పక వచ్చును.